చుక్కల గీత

మార్కాపురం జిల్లా అవుతుందని ఖాయమైన ఆ చలికాలం మా ఊళ్ళో అందరూ సంతోషంగా ఉన్నారు. సెంటర్లో టపాకాయలు కాల్చారు, ఫ్లెక్సీలు కట్టారు, స్వీట్లు పంచారు. ప్రతి కాగితానికీ ఒంగోలు బస్సెక్కి నడుములు పోగొట్టుకున్నవాళ్ళం, సంతోషించక ఏం చేస్తాం. నేనూ ఒక లడ్డూ తిన్నాను. అది అరిగేలోపే మా తమ్ముడు నరేష్ షెడ్డుకొచ్చి స్థలం పంచమన్నాడు.

కంభం రోడ్డులో మాది పలకరాయి షెడ్డు. ఒకప్పుడు అందులో బడిపిల్లల పలకలు తయారయ్యేవి. ఇప్పుడు పిల్లలకు పలకలు అక్కర్లేదు కాబట్టి గోడలకు అతికించే బిళ్ళలు కోస్తాం, అదీ ఆర్డరుంటే. మా నాయన ఉమామహేశ్వర్లుకి డెబ్బై రెండేళ్ళు. చెక్కుడు పని ఇప్పటికీ ఆయనదే. నా కాపురమూ మార్కాపురంలోనే. మా ఆయన మందుల షాపులో కూర్చుంటే, నేను వంట ముగించుకుని షెడ్డుకొచ్చి ఫోన్లూ మెయిళ్ళూ చూస్తాను. రాయి మీద బొమ్మ గీసేది కూడా నేనే. పదహారేళ్ళుగా ఇదే పని. ఆ చలికాలానికి నాకు దాని మీద ప్రేమ ఎంత మిగిలిందో, విసుగు ఎంత పేరుకుందో నేనే చెప్పలేను.

స్థలం మా అమ్మ పేరున ఉండేది. అమ్మ పోయి రెండేళ్ళయింది. పంపకం జరగాలంటే నాయనా, నరేషూ, నేనూ ముగ్గురం సంతకాలు పెట్టాలి.

"రోడ్డు పక్కన స్థలం నాయనా. ఇప్పుడు అమ్మితేనే అమ్మినట్టు. నా సగం నాకియ్యి. తక్కిన సగంలో నువ్వూ అక్కా ఏమన్నా చేసుకోండి," అన్నాడు నరేష్.

"సగం షెడ్డులో బండను తిప్పేదానికి కూడా చోటు చాలదురా."

"తిప్పేదానికి బండ యాడుంది? ఉన్నది ఒకటే. దాన్ని ఇరవై ఏండ్ల నుంచి గోడకానించి పెట్టుకున్నావు."

ఆ మాట నిజమే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎక్కడా పగులూ చారా లేని నల్లటి పలకబండ. అంత పెద్ద రాయి ఇప్పుడు దొరకదు. దాన్ని తీసిన క్వారీలో ఇవాళ తాటిచెట్టు లోతున నీళ్ళున్నాయి. ఎంతమంది అడిగినా నాయన దాన్ని అమ్మలేదు, ముక్కలు చేయలేదు. దేనికి దాచావంటే చెప్పేవాడూ కాదు. అమ్మ ఉన్నప్పుడు దాన్ని సవతి అనేది.

నరేష్ చెడ్డవాడని నేను అనను. వాడికీ ఇద్దరు పిల్లలు, వాడి కష్టాలు వాడివి. కాకపోతే వాడు ఏదైనా అడిగితే రోజూ అడుగుతాడు. పొద్దున టీ దగ్గర అడుగుతాడు, మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి అడుగుతాడు, సాయంత్రం మా ఆయన షాపుకెళ్ళి అడుగుతాడు. పది రోజుల్లో నేను మెత్తబడిపోయాను. నాయన మాత్రం మెత్తబడలేదు.

సరిగ్గా అప్పుడే చెన్నై ఎగుమతి కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. హంగరీ నుంచి ఫెరెన్స్ అనే రిటైరైన జాగ్రఫీ మాస్టారు పెద్ద రాయి మీద ఒక మ్యాపు చెక్కించమంటున్నాడు. దేశం మ్యాపు కాదు, ఒక జిల్లా మ్యాపు. ఆ జిల్లా ఇప్పుడు లేదు. మెయిల్లో ఆయన రాసుకొచ్చిన చరిత్రంతా నేను నాయనకు కూర్చోబెట్టి చెప్పాను.

జిల్లా పేరు కొమారోమ్. మధ్యలో డాన్యూబ్ నది పడమటి నుంచి తూర్పుకి పోతుంది. ఉత్తరాన వాగ్ అనే ఇంకో నది వచ్చి అందులో కలుస్తుంది, అక్కడే పెద్ద కోట, అక్కడే ముఖ్యపట్టణం. దక్షిణాన కొండలు, బొగ్గు గనులు, ఒక పాత చెరువు. కొన్ని వందల ఏళ్ళు అదంతా ఒకటే జిల్లా. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక నదికి ఉత్తరం పక్కదంతా వేరే దేశానికి పోయింది. పట్టణం రెండు ఒడ్లా ఉండేది కాబట్టి అదీ రెండు ఊళ్ళయింది. మధ్యలో వంతెన మిగిలింది.

"కలిసి ఉన్నప్పుడు వాళ్ళకేం గొడవొచ్చింది?" అన్నాడు నాయన.

"వాళ్ళకేం గొడవ లేదు నాయనా. గెలిచినోళ్ళు కూర్చోని గీసినారు. నడుమ ఏడేండ్లు మళ్ళా కలిపినారంట, మళ్ళా విడదీసినారంట."

"ఆ ఊరోళ్ళని అడిగినారా?"

"అడగలేదు."

"మనల్నీ అడగలా. నాకు పదిహేడేండ్లప్పుడు పొద్దున లేచేసరికి కర్నూలు జిల్లా పోయి ఒంగోలు జిల్లా అయింది. ఇప్పుడు అది కూడా పాయె." బండ వైపు చూసి, "ఇంత రాయి ఎందుకంట వాళ్ళకి?" అన్నాడు.

అదీ చెప్పాను. పాత జిల్లాను మొత్తంగా ఒకే రాయి మీద చెక్కించి, ఆర్నెల్లు ఉత్తరపు ఊరి లైబ్రరీలో, ఆర్నెల్లు దక్షిణపు ఊరి బళ్ళో పెట్టుకుంటారట. ఆర్నెల్లకోసారి వంతెన మీదుగా మోసుకుపోతారట. అందుకే ఒకటే రాయి కావాలి, అతుకు ఉండకూడదు అని మాస్టారు రెండుసార్లు రాశాడు.

నాయన ముఖం చూస్తే నాకు అమ్మ ఉన్న రోజులు గుర్తొచ్చాయి. రెండూళ్ళ మధ్య ఊరేగే దేవుడి మాదిరి అన్నమాట, అన్నాడు. లేచి వెళ్ళి గోడ దగ్గర బండ మీది గోనెపట్టా తీశాడు.

ఆ సాయంత్రం నరేష్ రాగానే ఆయనే మాట ఎత్తాడు. "ఈ పని బాగుంటే ఇట్లాంటి మ్యాపులు ఇంకా పంపిస్తామంటున్నారు చెన్నై వాళ్ళు. అట్ల వస్తే షెడ్డు నిలబడతాది, పంపకం మాట ఎత్తొద్దు. రాకుంటే నువ్వు చెప్పిన కాడ సంతకం పెడతా."

"మాట మీద నిలబడతావా నాయనా?"

"నేనెప్పుడు తప్పినానురా?"

మర్నాడే నేను మ్యాపును రాయంత సైజులో ఫ్లెక్సీ షాపులో ప్రింటు తీయించాను. దాన్ని బండ మీద పరిచి, కార్బన్ పెట్టి దిద్ది, ఆ తర్వాత సుద్దముక్కతో గట్టిగా గీశాను. రెండు రోజులు పట్టింది, మోకాళ్ళు పట్టేశాయి.

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర రాయి మీద రెండే రకాల గీతలుంటాయి. నిండు గీత ఉంటే అక్కడ చెక్కాలి. చుక్కల గీత ఉంటే అక్కడ కోయాలి. పనివాళ్ళలో సగం మందికి చదువు రాదు కాబట్టి మా తాత పెట్టిన పద్ధతి అది. ఎంత పెద్ద ఆర్డరైనా రాయి మీద ఇంకో మాట రాసే పని లేదు. ముందు చెక్కుడంతా అయిపోవాలి, కోత ఎప్పుడూ చివర. నేను కూడా బండ నాలుగంచులా, ఎక్కడ కోసి సరిచేయాలో అక్కడ చుక్కల గీత పెట్టాను.

మాస్టారి మ్యాపులో డాన్యూబ్‌కి రెండు ఒడ్లు నిండు గీతలు. వాటి మధ్య, నది నడిబొడ్డున, ఇప్పటి దేశాల సరిహద్దు చుక్కల గీత. దాన్నీ ఉన్నది ఉన్నట్టు దించాను. బీఏ హిస్టరీ చదివినదాన్ని, మ్యాపులో చుక్కల గీత అంటే సరిహద్దని తెలుసు. షెడ్డులో పుట్టినదాన్ని, చుక్కల గీత అంటే కోత అని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే రాయి మీదికి వచ్చి పడ్డాయని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఆ రోజు ఫోన్లో నరేష్ నాలుగుసార్లు మాట్లాడాడు.

నాయన ఇరవై రెండు రోజులు చెక్కాడు. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే, దగ్గొచ్చినప్పుడు తప్ప లేచేవాడు కాదు. పేర్లు అడిగేవాడు, చెబితే రెండుసార్లు నోట్లో అనుకుని చెక్కేవాడు. దక్షిణాన ఉన్న చెరువు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఈ చెరువు దేవుడిచ్చిందా, మనుషులు కట్టిందా?"

"మనుషులు కట్టిందే నాయనా. టాటా అనే ఊరు. మన కంభం చెరువు మాదిరి పాతకాలపుదంట."

"మరి కట్ట యాడ?"

"బొమ్మలో కట్ట చూపీలేదు."

"కట్ట లేకుండా నీళ్ళెట్ల నిలుస్తాయి పాపా," అని తనే ఒక లావుపాటి గీత చెక్కాడు. ఫెరెన్స్ మాస్టారికి ఫొటో పంపితే, చూసి నవ్వానని, అలాగే ఉంచమని రాశాడు. ఆ మూడు వారాల్లో నాయన పంపకం గురించి ఒక్క మాట అనలేదు. నరేష్ వచ్చినా, రాయి చూసి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవాడు. బాగుంది నాయనా అని ఒకసారి అన్నాడు కూడా.

కానీ నన్ను వదల్లేదు. దస్తావేజు రాసే ఆయన దగ్గర డ్రాఫ్టు సిద్ధమైందని, నాయన పెట్టకపోయినా నువ్వూ నేనూ ముందు పెట్టేస్తే ఒక పని అయిపోతుందని రోజూ అదే పాట. చెక్కుడు ముగిసి కోత మాత్రం మిగిలిన రోజుల్లో, డిసెంబరు చివర ఒక గురువారం నేను సరే అన్నాను. నాయనకు చెప్పలేదు. మందుల షాపులో పనుందని చెప్పి పోయాను. ఎందుకు ఒప్పుకున్నావని ఇప్పుడు అడిగితే, అలసిపోయాను అంటాను.

దస్తావేజు ఆయన చదివి వినిపిస్తుంటే ఫోన్ మోగింది. నాయన. ఎవరో చెప్పేసి ఉంటారు, సంతకం పెట్టొద్దని అంటాడు అనుకున్నాను. ఫోన్ సైలెంటులో పెట్టి బోర్లించాను. కాసేపటికి మళ్ళీ వెలిగింది. మళ్ళీ. మొత్తం మూడుసార్లు.

"తీయక్కా," అన్నాడు నరేష్.

"ఎందుకు, తిట్లు తినేదానికా?" అని నేను సంతకం పెట్టాను.

షెడ్డుకొచ్చేసరికి ఒంటిగంట దాటింది. కోత మిషన్ పట్టుకుని కంభం నుంచి వచ్చిన మస్తానయ్య అప్పటికే సామాను బండికి కట్టుకుంటున్నాడు. ఆ చేతి మిషన్ మీద వంకర కోత అంత నున్నగా కోయగలవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. వాడు దొరకడమే కష్టం, పూటకో ఊరు.

"ఏం గీసినావు పాపా ఆ వంకర. రెండు గంటలు పట్టింది నాకు. యాడా పెచ్చు లేయకుండా వచ్చింది, పోయి చూసుకో," అన్నాడు.

లోపల నాయన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. బండ నాలుగంచులూ శుభ్రంగా కోసి ఉన్నాయి. డాన్యూబ్ నది నట్టనడుమ, పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా, వేలు పట్టేంత సందు ఉంది. ఉత్తరం ఒక ముక్క, దక్షిణం ఒక ముక్క. సందుకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు. నీళ్ళు పోసి కోశారేమో, సందులోంచి ఇంకా బురదనీళ్ళు కారుతున్నాయి.

నా ముఖం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"కోయగూడదా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"ఒకటే రాయని చెప్పినావు గదా, మళ్ళా నడిమధ్యన చుక్కలు పెట్టినావే అనుకున్నా. మోసేదానికి బరువని రెండు చేయమన్నారేమో అనుకున్నా. అడుగుదామని ఫోన్ చేసినా. మూడుసార్లు చేసినా అమ్మా. మస్తానయ్య పోవాలన్నాడు. నువ్వు గీసినావంటే తెలిసే గీసింటావులే అని..."

నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది. నేను బయటికెళ్ళి నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని ఏడ్చాను. ఎక్కడికి పోయావని ఆయన అడగలేదు. అడగకపోయినా ఆ సాయంత్రమే నేను చెప్పేశాను. ఆయన విని, సరేలే అన్నాడు.

అసలు సంగతి దాచి మాస్టారికి ఏదో ఒకటి చెప్పొచ్చని నరేష్ అన్నాడు. దారిలో పగిలిందనో, రాయిలోనే పగులుందనో. నాయన ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. మా షెడ్డులో చుక్కల గీతకు అర్థమేమిటో, తప్పు నాదేనని, అంత రాయి మళ్ళీ మా దగ్గర లేదని రాసి, రెండు ముక్కల ఫొటోలు పెట్టాను.

చెన్నై వాళ్ళు వెంటనే ఫోన్ చేశారు. ఈ సరుకు ఎట్లా పోతుందో చూస్తామని, ఇంకమీదట మ్యాపుల పని వేరేవాళ్ళకు ఇస్తామని మర్యాదగానే చెప్పారు. నేను ఆ మాట నాయనకు రెండు రోజులు చెప్పలేకపోయాను. చెప్పాక ఆయన మాస్టారు ఏమన్నాడని మాత్రం రోజూ అడిగాడు.

అయిదో రోజు జవాబు మెయిల్ వచ్చింది. ఫెరెన్స్ మాస్టారూ, అవతలి ఒడ్డు లైబ్రరీలో పనిచేసే ఇలోనా అనే ఆవిడా ఇద్దరూ కలిసి రాశారు. మొదటి రోజు బాధపడ్డామన్నారు. తర్వాత రెండూళ్ళ కమిటీలూ కూర్చున్నాయట. రాయి ముందు ఏ ఊళ్ళో పెట్టాలి, మోతకూలి ఎవరివ్వాలి, దారిలో ఏమైనా అయితే ఎవరు బాధ్యులు అని ఏడాదిగా తగాదా పడుతున్నారట. ఇప్పుడు ఆ బెడద లేదు. ఎవరి సగం వాళ్ళు పెట్టుకుంటారు. రెండు పెట్టెల్లో, రెండు అడ్రసులకు పంపండి. మీ నాన్నగారిని బాధపడొద్దని చెప్పండి, అందరికీ ఇదే సౌకర్యంగా ఉంది అని రాశారు.

నేను నాయనకు సంతోషంగానే చదివి వినిపించాను. ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది.

"ఇంక వంతెన మీద మోసుకుపోరన్నమాట."

"పోరు నాయనా. వాళ్ళకి ఇదే బాగుందంట."

"నూరేండ్ల నాడు వేరేవాళ్ళు గీసినారు, కోసింది నేను," అన్నాడు. కాసేపటికి నరేష్‌ను పిలవమన్నాడు. వాడు రాగానే, "యాడ పెట్టాల సంతకం?" అన్నాడు. అంతే. నరేష్ నెలన్నర బతిమాలి, అరిచి, అలిగి సాధించలేనిది ఆ ఒక్క మాటతో అయిపోయింది. వాడు కూడా సంతోషపడినట్టు కనబడలేదు. కాగితాల సంచీ విప్పడానికి చాలాసేపు పట్టింది.

జనవరి మొదటివారంలో రెండు పెట్టెలూ లారీ ఎక్కాయి. ఆ మర్నాడే నరేష్ మేస్త్రీ శ్రీనును తీసుకొచ్చాడు. షెడ్డు మధ్యలో గోడ లేపాలి. శ్రీను రెండు మేకులకు దారం కట్టి, దాని వెంట ముగ్గుపిండి చల్లుకుంటూ పోయాడు. జానెడు చల్లడం, జానెడు వదలడం, గుర్తు కోసమే కాబట్టి పిండి ఎందుకు దండగని. వాకిలి నుంచి వెనక గోడ దాకా, బిళ్ళలు కోసే మిషన్ పక్కగా, బండ ఇరవై ఏళ్ళు ఆనుకున్న చోటు మీదుగా, తెల్లటి చుక్కల గీత.

నాయన పీట మీద కూర్చుని అంతా చూశాడు. శ్రీను పలుగు తెచ్చుకోవడానికి బయటికి పోయినప్పుడు లేచాడు. అరుగు మీది సుద్దముక్క తీసుకుని, వాకిలి దగ్గర వంగి, మొదటి చుక్కకూ రెండో చుక్కకూ మధ్య ఖాళీని కలిపాడు. తర్వాత రెండోదానికీ మూడోదానికీ. వంగలేక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దగ్గొస్తే ఆగి, మళ్ళీ జరుగుతూ, వెనక గోడ దాకా పోయాడు. నేనూ నరేషూ చూస్తూ నిలబడ్డాం. సాయం పట్టాలని ఇద్దరికీ తోచలేదు, ఆపాలని కూడా తోచలేదు.

శ్రీను పలుగు పట్టుకొచ్చి, "ఏంది పెద్దాయనా, గీత గట్టిగా గీసినావే. ఈడనేనా తవ్వేది?" అన్నాడు.

మా షెడ్డులో నిండు గీత మీద కోత ఉండదని శ్రీనుకు తెలియదు. ఆ షెడ్డులో పుట్టి పెరిగిన నరేష్‌కు తెలుసు. వాడు గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. నాయన చేతులకున్న పిండి చూశాడు.

"ఇయ్యాల వద్దులే శ్రీనూ. నేను ఫోన్ చేస్తా," అన్నాడు.

ఇంకా ఫోన్ చేయలేదు. చేయడని నేను చెప్పను. కాగితం మీద మూడు సంతకాలూ ఉన్నాయి, స్థలం అడిగేవాళ్ళు వారానికి ఇద్దరు వస్తున్నారు, వాడికి అవసరాలు తగ్గలేదు. రోజూ పొద్దున నేను షెడ్డు ఊడుస్తాను. ఊడ్చినప్పుడల్లా ఆ గీత అక్కడక్కడా చెరిగి చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. నాయన వచ్చి, సుద్దముక్క అడిగి తీసుకుని, వాటిని మళ్ళీ కలుపుతాడు.